మియాటాలో కొత్త క్లచ్ వేయించాక గేరు పడకపోవడం, వేడెక్కితే స్లిప్ అవడం: గేర్‌బాక్స్ దించే ముందు చూడాల్సినవి

మీరు రాసినదాని ప్రకారం సంగతి ఇది. ఉండేది డాలస్‌లో, బండి 1995 మాజ్డా మియాటా అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, 1.8 ఇంజన్, 5 గేర్లు. పాత క్లచ్ అరిగిపోతే దగ్గర్లోని షాపులో క్లచ్ ప్లేటు, దాన్ని ఇంజన్ వెనక తిరిగే ఫ్లైవీల్ చక్రానికి నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు, పెడల్ తొక్కితే ఆ పట్టు వదిలించే రిలీజ్ బేరింగ్, ఇలా కిట్టు మొత్తం మార్పించారు. బండి చేతికొచ్చిన రోజు నుంచే ఫస్టు, రివర్సు గేర్లు మొండికేశాయి. పెడల్ పూర్తిగా కిందకి తొక్కితే తప్ప క్లచ్ వదలడం లేదు. మళ్లీ తీసుకెళ్తే డాష్‌బోర్డు కింద ఏదో అడ్జస్ట్ చేసి ఇచ్చారు. గేర్లు కొంచెం నయమయ్యాయి. కానీ ఇప్పుడు హైవే మీద ఓ అరగంట నడిపాక ఐదో గేరులో గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం లేస్తోంది, స్పీడు పెరగడం లేదు, అంటే క్లచ్ స్లిప్ అవుతోంది. బండి చల్లారితే మళ్లీ మామూలే. షాపువాళ్లేమో గేర్‌బాక్స్ ఇంకోసారి దించాలి, లేబర్ మీరే పెట్టుకోవాలి అంటున్నారు.

దానికి ఇప్పుడే ఒప్పుకోకండి. మీరు చెప్పిన లక్షణాల్లో ఒక్కటి కూడా గేర్‌బాక్స్ దించితేనే తెలిసేది కాదు. నేను మియాటాల మీద చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. కొత్త క్లచ్ వేశాక వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం గేర్‌బాక్స్ బయటే, పెడల్‌కీ, రిలీజ్ బేరింగ్‌ని తోసే ఫోర్కుకీ మధ్య ఉన్న హైడ్రాలిక్ లైనులోనే, అంటే పెడల్ తోపుని ఫ్లూయిడ్‌తో మోసే భాగంలోనే దొరుకుతాయి. అవి చూడటానికి ఒక స్కేలు, ఒక టార్చి, 8 ఎంఎం పానా, పెడల్ తొక్కడానికి ఇంకో మనిషి ఉంటే సరిపోతుంది.

మీ బండికి ఇప్పుడు రెండు జబ్బులున్నాయని నా అనుమానం. మొదటిది క్లచ్ పూర్తిగా వదలకపోవడం. రెండోది పూర్తిగా పట్టకపోవడం. రెండూ ఒకదానికొకటి వ్యతిరేకం కాబట్టి, రెండోది మొదటిదాన్ని సర్దే ప్రయత్నంలో పుట్టిందనే అనుకుంటున్నాను. ఇప్పుడు మీకు ఎక్కువ నష్టం చేసేది రెండోదే, కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

క్లచ్ పెడల్ వెనక ఒక సన్నటి రాడ్ ఉంటుంది. అది ఫైర్‌వాల్ అవతల ఉన్న మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ని తోస్తుంది. మనం పెడల్ పూర్తిగా వదిలినప్పుడు ఆ పిస్టన్ పూర్తిగా వెనక్కి రావాలి. అలా వస్తేనే లోపలున్న ఒక చిన్న రంధ్రం తెరుచుకుని, లైనులోని ఫ్లూయిడ్‌కి పైనున్న రిజర్వాయర్‌తో దారి కలుస్తుంది. ఇంజన్ వేడికి ఫ్లూయిడ్ వ్యాకోచిస్తే ఆ పెరిగిన కొంచెం ఆ దారినే పైకి పోతుంది. రాడ్‌ని మరీ పొడుగు చేస్తే పెడల్ వదిలినా పిస్టన్ కొద్దిగా నొక్కుకునే ఉంటుంది, ఆ రంధ్రం మూసుకునే ఉంటుంది. అప్పుడు వేడెక్కిన ఫ్లూయిడ్ పైకి పోలేక లైను రెండో కొసనున్న స్లేవ్ సిలిండర్ పిస్టన్‌ని తోస్తుంది. స్లేవ్ ఫోర్కుని తోస్తుంది, ఫోర్కు రిలీజ్ బేరింగ్‌ని ప్రెషర్ ప్లేటు వేళ్ల (దాని మధ్యలో ఉండే స్ప్రింగు రేకుల) మీదకి నొక్కుతుంది. అంటే మీ కాలు పెడల్ మీద లేకపోయినా ఎవరో సగం క్లచ్ తొక్కి పట్టుకున్నట్టే. ప్లేటు మీద పట్టు తగ్గి స్లిప్ అవుతుంది. స్లిప్ అయిన కొద్దీ క్లచ్‌ని కప్పి ఉండే బెల్ హౌసింగ్‌లో ఇంకా వేడి పుడుతుంది, ఫ్లూయిడ్ ఇంకా వ్యాకోచిస్తుంది. చల్లారాక ప్రెషర్ తగ్గి మళ్లీ మామూలైపోతుంది. మీరు రాసిన అరగంట లెక్క, చల్లారితే బాగుండటం, రెండూ దీనికి అచ్చంగా సరిపోతున్నాయి.

అనుమానం తీర్చుకోవడానికి మంచి పరీక్ష ఒకటుంది. బండిని ఇంటి చుట్టుపక్కల రోడ్ల మీదే తిప్పి, స్లిప్ మొదలవగానే ఇంటికి తెచ్చి ఇంజన్ ఆపండి. ముందు పెడల్‌ని వేలితో నెమ్మదిగా నొక్కి చూడండి. సరిగా ఉన్న బండిలో రాడ్ పిస్టన్‌కి తగిలే ముందు కొద్దిపాటి ఖాళీ ఆట వేలికి తెలుస్తుంది. అది అసలే లేకుండా మొదటి నుంచే గట్టిగా ఉంటే సగం సమాధానం దొరికినట్టే. తరవాత బండి ముందుభాగం స్టాండ్ల మీద ఎక్కించి (జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరకండి, వెనక చక్రాలకి అడ్డు పెట్టండి), గేర్‌బాక్స్ కుడిపక్క, అంటే మీ అమెరికా బండిలో ప్యాసింజర్ వైపు, ఉన్న స్లేవ్ సిలిండర్ దగ్గరికి వెళ్లండి. బండి కింద సైలెన్సర్ పైపులు కాలుతూ ఉంటాయి, చేతికి గ్లౌజులు తప్పనిసరి. ఫ్లూయిడ్, గాలి బయటికి వదలడానికి దాని మీదుండే బ్లీడర్ నిప్పల్‌కి ఒక సన్నటి ట్యూబు తగిలించి, ఇంకో కొస సీసాలో పెట్టి, 8 ఎంఎం పానాతో పావు చుట్టు వదులు చేయండి. పెడల్ ఎవరూ తొక్కకూడదు. ఫ్లూయిడ్ ప్రెషర్‌తో చిమ్మితే లోపల ఒత్తిడి చిక్కుకుని ఉందని తేలినట్టే. వెంటనే బిగించి, రిజర్వాయర్‌లో లెవెల్ చూసి, బండి తీయండి. ఆ కాసేపు స్లిప్ మాయమైతే మీ కొత్త ప్లేటుకి, ప్రెషర్ ప్లేటుకి ఇంకా ఏమీ కాలేదని అర్థం. ఫ్లూయిడ్ చుక్కలుగా మాత్రమే కారి, స్లిప్ అలాగే ఉంటే కథ వేరు. దాని గురించి కింద చెబుతాను.

ఇది తేలేదాకా హైవే ఎక్కకండి. కొత్త ప్లేటు ఒక వారం స్లిప్ అవుతూ తిరిగితే దాని ముఖం గాజులా నున్నబడుతుంది, ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు పడతాయి. ఆ తరవాత నిజంగానే గేర్‌బాక్స్ దించాల్సి వస్తుంది.

రాడ్ సర్దడం కష్టమేమీ కాదు, నడుం వంచి డాష్‌బోర్డు కింద దూరడమే కష్టం. రాడ్ మీద 12 ఎంఎం లాక్ నట్టు ఉంటుంది. దాన్ని వదులు చేసి, రాడ్‌ని కొంచెం కొంచెంగా తిప్పి పొట్టి చేస్తూ, ప్రతిసారీ పెడల్ మీద వేలు పెట్టి ఆట చూసుకోవాలి. ముందు పెడల్ ఎత్తు సరిచూసి, ఆ తరవాత ఆట సర్దాలి. వరస తారుమారైతే రెండూ కుదరవు. కొలతలు మీ సంవత్సరం మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉంటాయి, వాటినే పట్టుకోండి.

మన ఊళ్లో మారుతి 800 లాంటి కేబుల్ క్లచ్ బండ్లు నడిపినవాళ్లకి క్లచ్ తేడా చేస్తే నట్టు బిగించడం అలవాటు. కేబుల్‌కి అది సరైన వైద్యమే, ప్లేటు అరిగిన కొద్దీ సర్దుకుంటూ ఉండాల్సిందే. హైడ్రాలిక్ క్లచ్‌లో ఆ సర్దుబాటు స్లేవ్ తనంతట తానే చేసుకుంటుంది. అందులో మనం రాడ్ పొడుగు చేయాల్సి వచ్చిందంటే వేరే ఎక్కడో కదలిక పోతోందన్నమాట. మీ షాపువాళ్లు వెతకాల్సింది అది.

రాడ్‌ని సరైన కొలతకి తెచ్చాక మొదటి జబ్బు మళ్లీ బయటికొస్తుంది, గేర్లు మళ్లీ మొండికేస్తాయి. కంగారు పడకండి, ఇప్పుడే దాన్ని సరిగా వెతకగలం. మొట్టమొదట ఇంజన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి. ఆపినప్పుడు వెన్నలా పడి, ఇంజన్ నడుస్తున్నప్పుడు మాత్రమే ఇబ్బంది అయితే క్లచ్ పూర్తిగా వదలడం లేదని అర్థం. ఆపినా గట్టిగానే ఉంటే గేర్ లివర్ అడుగున ఉండే గిన్నె లాంటి టరెట్‌ని, బిగింపునీ చూడాలి. ఆ టరెట్‌లో వేరుగా కాస్త గేర్ ఆయిల్ ఉంటుంది, గేర్‌బాక్స్ దించినప్పుడు అది పోతుంది, తిరిగి పోయడం కొందరు మర్చిపోతారు. పొద్దున్నే చలికి సెకండు గేరు ఒక్కటే గట్టిగా ఉండి కాసేపటికి సర్దుకుంటే, అది ఈ గేర్‌బాక్స్ స్వభావం. దాన్ని క్లచ్ ఖాతాలో వేయకండి.

క్లచ్ వదలడం లేదని తేలితే అసలు కొలత తీయాలి. స్లేవ్ రాడ్ ఫోర్కుని తోసే చోట ఒక టేపు ముక్క అంటించి, పక్కన స్కేలు పెట్టి, మీ మనిషిని పెడల్ పూర్తిగా తొక్కమనండి. రాడ్ సుమారు 12 నుంచి 13 ఎంఎం, అంటే అర అంగుళం దాకా కదలాలి. 9, 10 దగ్గరే ఆగిపోతే లోపం హైడ్రాలిక్‌లో ఉంది, గేర్‌బాక్స్ జోలికే పోనక్కర్లేదు. 13 వచ్చినా గేరు కరకరలాడుతుంటే లోపం బెల్ హౌసింగ్ లోపల ఉంది, అప్పుడు దించక తప్పదు. నా లెక్కలో ఈ క్లచ్ గురించి ఎవరు ఏం చెప్పినా ఈ ఒక్క కొలత ముందు నిలవదు. షాపువాళ్లు అది తీశారో లేదో అడగండి.

కొలిచాక ఇంకో నిమిషం పెడల్ అలాగే తొక్కి ఉంచమనండి. స్లేవ్ రాడ్ మెల్లగా వెనక్కి జారుతుంటే ఏదో రబ్బరు సీలు ప్రెషర్ ఆపలేకపోతోంది. స్లేవ్ మూతి దగ్గరున్న రబ్బరు బూటు అంచు ఎత్తి చూడండి. లోపల తడిగా, నల్లటి ఫ్లూయిడ్ ఉంటే స్లేవ్ సీలు పోయింది. అది పొడిగా ఉండి, పెడల్ వెనక రాడ్ మీదా కార్పెట్ మీదా తడి ఉంటే మాస్టర్ సిలిండర్. రెండూ పొడిగా ఉండి కూడా రాడ్ జారుతుంటే మాస్టర్ లోపలే ఫ్లూయిడ్ సీలు దాటి వెనక్కి వెళ్లిపోతోంది. బయటికి ఒక్క చుక్క కారదు, అందుకే చాలామంది దీన్ని పట్టుకోలేరు. రాడ్ జారకుండా, నాలుగైదు సార్లు గబగబా పంపు కొట్టినప్పుడు మాత్రం కదలిక పెరిగితే లైనులో గాలి ఉంది. ఫ్లూయిడ్ నొక్కుడుపడదు, గాలి పడుతుంది. మీరు పెట్టిన బలంలో కొంత ఆ గాలిని కుదించడానికే పోతుంది. ఈలోగా స్లేవ్‌కి వచ్చే రబ్బరు గొట్టం మీద కూడా చెయ్యి వేసి చూడండి. ఇన్నేళ్ల పాత గొట్టం పెడల్ తొక్కినప్పుడల్లా ఉబ్బుతూ చేతికి తెలిసిపోతుంది.

మీరు అడిగారు కదా, క్లచ్ మార్చక ముందు ఈ స్లేవ్ బాగానే పనిచేసింది, ఒక్కరోజులో ఎలా పోతుందని. పోతుంది, దానికి కారణముంది. ప్లేటు అరిగిన కొద్దీ ప్రెషర్ ప్లేటు వేళ్లు గేర్‌బాక్స్ వైపు జరుగుతూ వస్తాయి. దాంతో స్లేవ్ పిస్టన్ తన సిలిండర్‌లో ఏటికేడు లోపలికి నెట్టుకుపోతుంది. ఏళ్ల తరబడి సీలు ఆ లోపలి భాగంలోనే అటూ ఇటూ తిరుగుతుంది. మూతి వైపు భాగంలో ఈలోగా తేమ, మురికి, తుప్పు చేరతాయి. కొత్త ప్లేటు వేయగానే వేళ్లు మొదటి స్థానానికి వెళ్తాయి, పిస్టన్ మూతి వైపుకి వస్తుంది, పాత సీలు ఆ గరుకు మీద రుద్దుకుని చిరుగుతుంది. అందుకే ఈ బండిలో క్లచ్ మారిస్తే స్లేవ్ కూడా మార్చేయాలని నేను గట్టిగా చెబుతాను. రెండు 12 ఎంఎం బోల్టులు, ఒక పైపు కనెక్షన్, అంతే పని. మాస్టర్ కూడా అంతే వయసుదైతే దాన్నీ కలిపి మార్చండి. ఒకటి కొత్తది వేస్తే కొన్నాళ్లకి రెండోది లీకవడం మామూలే.

గాలి తీసే పనిలో మియాటా కాస్త విసిగిస్తుంది. మాస్టర్ ఎడమ పక్క, స్లేవ్ కుడి పక్క ఉండటంతో పైపు అటునుంచి ఇటు తిరిగి రావాలి, మధ్యలో ఎత్తుపల్లాల్లో గాలి దాక్కుంటుంది. నేను చేసే పద్ధతి ఇది. స్లేవ్‌ని బోల్టులు విప్పి, పైపు తీయకుండా చేతిలోకి తీసుకుంటాను. పిస్టన్‌ని పూర్తిగా లోపలికి నొక్కి, అలాగే ఉండేలా బిగించి పట్టుకుంటాను. బ్లీడర్ అన్నిటికంటే పైకి వచ్చేలా తిప్పి, అప్పుడు గాలి తీస్తాను. పిస్టన్ లోపలికి ఉంటే గాలి నిలవడానికి చోటు ఉండదు. ఒకటే జాగ్రత్త, స్లేవ్ బయట ఉండగా పిస్టన్‌ని పట్టుకోకుండా పెడల్ తొక్కితే అది ఎగిరి బయటపడుతుంది. రిజర్వాయర్ మధ్యలో ఎప్పుడూ ఖాళీ కాకూడదు, అయితే మళ్లీ మొదటికి. మూత మీద రాసి ఉన్న బ్రేక్ ఫ్లూయిడే పోయండి, అది డాట్ 3. పవర్ స్టీరింగ్ ఆయిల్ లాంటిది పొరపాటున పడితే సీళ్లన్నీ ఉబ్బిపోతాయి. ఫ్లూయిడ్ బాడీ మీద పడితే పెయింట్ లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడిగేయండి.

స్లేవ్ రాడ్ 13 ఎంఎం కదులుతున్నా గేరు పడకపోతే, దించే ముందు ఆఖరుగా ఫోర్కు దగ్గరి రబ్బరు కవర్ తీసి టార్చి వేసి చూడండి. ఫోర్కు లోపల ఒక గుండ్రటి పివట్ మీద కూర్చుని, స్ప్రింగ్ క్లిప్‌తో పట్టుకుని ఉంటుంది. బిగించేటప్పుడు ఆ క్లిప్ సరిగా పడకపోతే ఫోర్కు పక్కకి జరిగి కదలిక తినేస్తుంది. పివట్ దగ్గర ఫోర్కు పగులు కూడా ఒక్కోసారి ఇక్కడి నుంచే కనబడుతుంది.

ఇక దించాల్సి వస్తే లోపల వెతకాల్సింది కొద్దే. ప్లేటు తిరగేసి వేశారేమో అని మీరు భయపడ్డారు. అలా వేస్తే మధ్యనున్న స్ప్రింగుల భాగం ఫ్లైవీల్ బోల్టులకి తగులుతుంది, బండి మీరు చెప్పినంత దూరం నడవదు. కాబట్టి ఆ భయం వదిలేయండి. నాకు ఎక్కువ అనుమానం ప్లేటు వంగడం మీద. గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు దాని ముందుకి పొడుచుకొచ్చిన షాఫ్ట్ ప్లేటులోకి సగం దూరాక గేర్‌బాక్స్ బరువంతా ప్లేటు మధ్య భాగం మీద వేలాడదీస్తే, ఆ కాసేపట్లోనే ప్లేటు వంగుతుంది, తరవాత ఎంత వదిలినా ఒక పక్క రాసుకుంటూనే ఉంటుంది. ప్రెషర్ ప్లేటు బోల్టుల్ని ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించకుండా ఒక పక్క నుంచి గట్టిగా బిగించుకుంటూ పోయినా వేళ్ల ఎత్తు సమానంగా ఉండదు. ఫ్లైవీల్ మధ్యలో ఉండే పైలట్ బేరింగ్ పట్టేస్తే క్లచ్ పూర్తిగా వదిలినా షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది. గేరులో ఉంచి పెడల్ తొక్కి పట్టుకున్నప్పుడు మాత్రమే కీచుమని వినబడితే దాన్నే అనుమానించాలి. పార్టులు కూడా పోల్చి చూడమనండి. 1.6 ఇంజన్ మియాటా క్లచ్ ప్లేటు 200 ఎంఎం, మీ 1.8కి 215 ఎంఎం. ఇన్ని చేతులు మారిన బండిలో ఏ ఫ్లైవీల్ ఉందో చూడకుండా కిట్టు ఆర్డర్ చేస్తే తేడాలొస్తాయి.

బ్లీడర్ వదులు చేసినా స్లిప్ పోలేదనుకోండి, చల్లగా ఉన్నప్పుడు కూడా ఉంటుంటే, ప్లేటు మీద ఆయిల్ పడి ఉండాలి. ఇంజన్ క్రాంక్ షాఫ్ట్ వెనక సీలు నుంచి రావచ్చు, గేర్‌బాక్స్ ముందు సీలు నుంచి రావచ్చు. ఈ ఇంజన్‌లో ఫ్లైవీల్ బోల్టు రంధ్రాలు లోపలి ఆయిల్ దాకా ఉంటాయి, మరలకి సీలెంట్ రాయకపోతే వాటి గుండా కూడా కారుతుంది. షాఫ్ట్ మీది గాడులకి గ్రీజు మరీ పూసేస్తే అదీ చిమ్మి ప్లేటు మీద పడుతుంది. ఆయిల్ తాగిన ప్లేటుని తుడిచి మళ్లీ వేయడం దండగ. ఆగి ఉన్న బండి కదిలేటప్పుడు వణకడం గురించి కూడా అడిగారు. కొత్త ప్లేటు ఫ్లైవీల్‌కి అలవాటు పడేదాకా కొంత ఉంటుంది. మొదటి 500 మైళ్లు ఊళ్లో నెమ్మదిగా నడపాలంటారు, మీది స్లిప్ అవుతోంది కాబట్టి ఆ లెక్క పెడల్ రాడ్ సరిచేశాకే మొదలుపెట్టండి. ఫ్లైవీల్‌ని మెషిన్ మీద నున్నగా చేయించారా అని మాత్రం బిల్లులో చూడండి.

ఒక్క విషయం మీరు అడగలేదు కానీ చెబుతాను. మియాటాలో గేర్‌బాక్స్‌నీ వెనక డిఫరెన్షియల్‌నీ కలుపుతూ ఒక పొడవాటి అల్యూమినియం ఫ్రేమ్ ఉంటుంది. గేర్‌బాక్స్ దించాలంటే దాన్ని విప్పాల్సిందే. తిరిగి బిగించేటప్పుడు గేర్‌బాక్స్‌ని జాకీతో సరైన ఎత్తుకి లేపి బిగించకపోతే కిందకి వాలిపోయి, హైవే స్పీడులో సన్నటి వణుకు వస్తుంది. మీకు అలాంటిదేమైనా ఉంటే క్లచ్‌తో కలపకండి, అది వేరే పని.

షాపుతో గొడవ పెట్టుకోవద్దు. కొలత చేతిలో పెట్టుకుని వెళ్లండి. స్లేవ్ రాడ్ 9 ఎంఎం కదులుతోంది, ఫలానా చోట తడి ఉంది అని చూపిస్తే వాళ్లూ వాదించరు. 13 కదులుతూ కూడా వదలడం లేదంటే తప్పు పార్టుదో బిగింపుదో అయి ఉండాలి, రెండూ వాళ్లు చేసిన పనిలోవే. అప్పుడు లేబర్ మీరెందుకు కట్టాలో రాతపూర్వకంగా అడగండి. దించితే ఇప్పుడు లోపలున్న ప్లేటు మీకు చూపించాకే కొత్తది ఎక్కించమనండి.

శనివారం చేస్తానన్నారు కదా. స్లేవ్ రాడ్ కదలిక బండి చల్లగా ఉన్నప్పుడు ఎంత, వేడెక్కాక ఎంత, బ్లీడర్ వదులు చేస్తే ఫ్లూయిడ్ చిమ్మిందా కారిందా, స్లేవ్ బూటు లోపల తడా పొడా, ఇవి రాయండి. బూటు ఎత్తి ఒక ఫోటో కూడా పెట్టండి. ఏ పార్టు కొనాలో అప్పుడు చెబుతాను, ఈలోగా ఏదీ ఆర్డర్ చేయకండి.